విద్యుత్ తంత్రీవాద్యములు – ఇంటి మరమ్మతు

పల్లెలయందలి పెద్దలు గిటారు అను మాట వినగానే అది పట్టణపు పిల్లల వేడుక యని తలంతురు. అందును విద్యుత్తుచే మ్రోగు గిటారన్నచో మరింత యేవగింపు గలదు. నేను ముప్పదియైదేండ్లు బడులలో తెలుగు పండితుడనై వ్యాకరణము చెప్పినవాడను. ఉద్యోగము విరమించిన పిమ్మట నిజాంపేటలో మా చిన్నకుమారునియొద్ద నివసించుచున్నాను. ఒకప్పుడు పొలముల నడుమ పల్లెగా నుండిన యీ యూరు 2019లో నగరపాలక సంస్థగా నేర్పడినది. ఇచ్చటి మేడలలో కాపురముండువారిలో ననేకులు దాపుననున్న హైటెక్ సిటీలో కంప్యూటరు పనులు చేయువారు. మావాడును అట్టివాడే. సెలవు దినములలో అతడు గిటారును విప్పి, టంకము పెట్టు కడ్డీయు మల్టీమీటరును ముందుంచుకొని కూర్చుండును. కావలసిన చిల్లర సామానులకై కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి వచ్చును. ఇది చూచి నేనీ వాద్యముయొక్క పుట్టుపూర్వోత్తరములను విచారించితిని. విచారింపగా తేలినదేమనగా, విద్వాంసులతోపాటు మరమ్మతు చేయువారును దీనికి రూపు దిద్దినారు.

వాద్యమును విప్పి దిద్దుకొనుట మనకు క్రొత్త గాదు. తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలమున, అనగా పదునేడవ శతాబ్దపు మొదటి భాగమున, వీణకు ఇరువదినాలుగు మెట్లు స్థిరముగా నమర్చు పద్ధతి యేర్పడినదని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. ఆ మెట్లను మైనముమీద నిలుపుదురు. మైనము మెత్తబడి మెట్టు కదలెనా, స్వరము చెడును. అప్పుడు మేళము కట్టువాడు చెవి యొగ్గి ఒక్కొక్క మెట్టును మరల నిలుపవలెను. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేయు కుటుంబములు నేటికిని గలవు. అట్టి వారి చెవియే వారి పనికి కొలబద్ద.

విద్యుద్వాద్యముల చరిత్ర 1831లో మొదలగును. ఆ యేట ఆంగ్లదేశీయుడగు మైకేల్ ఫారడే, తీగచుట్ట దాపున అయస్కాంతము కదలినచో ఆ చుట్టయందు విద్యుత్తు పుట్టునని కనుగొనెను. గిటారునందు పికప్పు అనబడు భాగమునకు మూలమిదియే. అందు అయస్కాంతము చుట్టును వెండ్రుకవంటి సన్నని రాగితీగ వేలకొలది చుట్లు చుట్టబడి యుండును. పైన ఉక్కుతంత్రి కంపింపగా చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫయరు పెంచి మనకు వినిపించును. ఇత్తడి అయస్కాంతమునకు లోబడదు గనుక, వీణలో మంద్రస్థాయికి గట్టు వట్టి ఇత్తడితీగలు ఈ పికప్పుముందు మూగపోవును. అందుచే వీణలకు చెక్కయొక్క కంపమును గ్రహించు వేరొక పరికరమును అంటింతురు.

అమెరికా దేశమున లాస్ ఏంజెలెస్ నగరవాసియగు జార్జి బీచమ్ హవాయి గిటారు వాద్యకుడు. బాకాలు డప్పులు గల మేళములో తన గిటారు వినబడకుండుట ఆయనకు బాధ. 1931లో అయస్కాంతపు పికప్పుతో ఒక గిటారు సిద్ధమయ్యెను. మరుసటి యేట దానిని రికెన్‌బేకర్ అను నాతని సంస్థ విక్రయించెను. అల్యూమినియముతో పోతపోసిన ఆ వాద్యము చూపునకు వేపుడు పెనమువలె నుండెడిది, దానికి వాడుకపేరును అదియే. 1937లో బీచమునకు పేటెంటు లభించెను.

గుల్లగా నుండు గిటారునకు పికప్పు పెట్టి ఆంప్లిఫయరు చెంత వాయించినచో, మన సభలలో మైకు కూసినట్లు అదియు కూయును. ఈ దోషమును పోగొట్టుటకై లెస్ పాల్ అను వాద్యకుడు 1940 ప్రాంతమున నాలుగంగుళముల చదరపు దుంగకే తీగలను బిగించి చూచెను. కూత తగ్గెను. తీగయే విద్యుత్తును పుట్టించుచుండగా గుల్లపెట్టె యవసరము లేదని దీనిచే తేటపడినది.

పిమ్మట కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో లియో ఫెండర్ అను నాయన బయలుదేరెను. ఈయన 1938లో రేడియోలు బాగుచేయు దుకాణము పెట్టినవాడు. గిటారు వాయించుట ఆయనకు రాదు. ఐనను 1950లో ఆయన గుల్లలేని గిటారును విపణికి దెచ్చెను. దాని మెడను జిగురుతో అంటింపక నాలుగు మరమేకులతో బిగించెను. మెడ చెడినచో మేకులు తీసి వేరొకటి బిగింపవచ్చును. రేడియోలు విప్పి బిగించిన చేతికి తోచు నుపాయమిది. 1963లో లండను నగరమున బ్రయన్ మే అను బాలుడు ఎలక్ట్రానిక్ ఇంజనీరగు తన తండ్రితో గూడి ఇంటనే గిటారు చేసికొనెను. దాని మెడ పాత పొయ్యిగూటిపైనున్న చెక్క, స్ప్రింగులు మోటారుసైకిలువి. అతడు తరువాత జగత్ప్రసిద్ధుడయ్యెను, ఆ గిటారును విడువలేదు.

ఇక మన తెలుగునాటి యుదాహరణము. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ బాల్యముననే తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను చేపట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. వీరు చెంబై వైద్యనాథ భాగవతారుల శిష్యులు, మాండలిన్ వాయించువారు కారు. గురువు పాడును, శిష్యుడు దానిని తీగలమీద వెదకుకొనును. సాధారణమైన మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుండును. జంటతీగలను గమకమునకై ప్రక్కకు లాగినచో రెండును సమముగా పలుకుట కష్టము. నాదమును త్వరగా సన్నగిల్లును. శ్రీనివాస్ ఐదు ఒంటితీగలు గల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టెను. దానిచే గమకము నిలిచి వినబడసాగెను. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన సందర్భమున తొలి కచేరి చేసిన యీ బాలుడు 1998లో పద్మశ్రీ యయ్యెను. 2014లో నలువదియైదవ యేట పరమపదించెను.

విద్యుత్ వాద్యమునకు కర్ణాటక సంగీతసభలో స్థానమేమని మొదట శంకించినవారు గలరు. అట్టి శంక పాతదే. 1940లో అఖిల భారత రేడియో హార్మోనియమును నిషేధించి, 1971 వరకు దూరముగా నుంచినది. పడమటినుండి వచ్చిన ఫిడేలును బాలుస్వామి దీక్షితులు మన సంగీతమునకు అలవరచినారు. నేడది లేని గాత్రకచేరి అరుదు. గిటారు వాయింపని ఫెండరు గిటారును చేసెను, మాండలిన్ వాయింపని సుబ్బరాజుగారు మాండలిన్ విద్వాంసుని తయారుచేసిరి. మొదటివాడు యంత్రదోషము నెరిగినవాడు, రెండవవారు స్వరదోషము నెరిగినవారు.

దోషమును కనుగొను పద్ధతి మన తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములు అనబడునది. ఒకటి యున్నప్పుడు దోషమున్నదా, అది లేనప్పుడు దోషము లేదా యని చూచుట. మావాడు చేయునదియు నిదియే. గిటారు పలుకదాయెనా, మొదట కేబులు మార్చి చూచును. పలికెనా, దోషము కేబులుదే. లేదా, కేబులు దూర్చు రంధ్రమును, ఆ పిమ్మట శబ్దము హెచ్చించు మరను పరీక్షించును. మర త్రిప్పినప్పుడు గరగర మన్నచో లోపల దుమ్ము చేరినదని యర్థము. కట్టకడపట పికప్పును చూచును. ఒకేసారి రెండు భాగములను మార్చడు. మార్చినచో దోషమెచ్చటిదో తెలియదు గదా.

హుమ్మను రొదకును కారణము గలదు. మన యిండ్ల విద్యుత్తు సెకనునకు 50 మారులు ఆవర్తించును. ఆ స్పందనమును పికప్పుచుట్ట గ్రహించి పలుకును. తీగలను తాకినప్పుడు రొద తగ్గినచో ఎర్తు సరిగానున్నదనియు, గిటారు లోపలి గుంతకు రాగిరేకు పూత చాలదనియు ఊహింపవచ్చును. తాకినప్పుడు హెచ్చినచో ఎర్తు తీగ యెచ్చటనో తెగియుండును. 1955లో సేత్ లవర్ అను శిల్పి రెండు చుట్టలను ఎదురెదురుగా గూర్చి, రొద రొదను గొట్టివేయునట్లును సంగీతము సంగీతమునకు తోడగునట్లును చేసెను.

పెద్దలారా, ఇందొక ప్రాణభయము గూడ గలదు. 1972లో బ్రిటనునందలి స్వాన్సీలో లెస్లీ హార్వే అను గిటారు వాద్యకుడు, తీగలు చేతనుండగా ఎర్తు సరిలేని మైకును తాకి వేదికమీదనే మరణించెను. మన భజనమందిరములలో మూడుముల్లుల ప్లగ్గునకు ఎర్తుముల్లు విరిచి రెండుముల్లుల రంధ్రములో దూర్చుట నేను పలుమార్లు చూచితిని. 230 వోల్టుల విద్యుత్తు పాడువాని పెదవులను తాకుటకు అంతకంటె దగ్గరి దారి లేదు. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయరు ప్లగ్గు తీసిన పిమ్మటను కొంతకాలము విద్యుత్తును దాచికొని యుండును గనుక, తెలియనివారు దాని మూత తీయరాదు.

పండుగకు పట్టణమునుండి వచ్చు మీ కుమారులలో మనుమలలో ఇట్టి విద్య తెలిసినవాడున్నచో, వానిని తీగలతో ఆటలాడువాడని తీసివేయవలదు. గ్రామపు మైకుసెట్టును, దాని ప్లగ్గును, ఎర్తును వానిచేత నొకసారి పరీక్ష చేయింపుడు.