కానివి యాడ గుర్తుంటాయి నాయనా!

మా అవ్వకు కంట్లో శుక్లం వచ్చింది. ఆదోనిలో డాక్టరుకి చూపించి ఆపరేషన్‌కి తేదీ కూడా తీసుకున్నాం. నేను హైదరాబాదులో లీవు పెట్టి, రాత్రి బస్సెక్కి ఇల్లు చేరితే అవ్వ చల్లగా చెప్పింది: "నేను రాను నాయనా. ఈరన్న కలలోకొచ్చి వద్దన్నాడు."

ఈరన్నంటే ఉరుకుంద ఈరన్నస్వామి. మీ టీములో ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్ళుంటే అడగండి, చెప్తారు. కౌతాళం మండలంలో ఉంది ఉరుకుంద. స్వామిని నరసింహుడిగా కొలుస్తారు. శ్రావణమాసంలో ఆ ఊళ్ళో కాలు పెట్టే సందుండదు. మా వైపు ఏ క్లాసు హాజరుపట్టీ తీసినా ఒక ఈరన్నో, ఉరుకుందో తగులుతాడు.

నాకు తిక్క లేచింది. "కలల్ని నమ్ముకుని కళ్ళు పోగొట్టుకుంటావా?" అని అరిచేశాను. అవ్వ మారుమాట్లాడకుండా ముసుగు తన్ని పడుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టక, అసలు ఈ కలల గోల సైన్సు ఎప్పుడు పట్టించుకుందా అని చదవడం మొదలెట్టాను. చదివేకొద్దీ కోపం దిగింది.

మనవాళ్ళకి నిద్ర కొత్త సబ్జెక్టేం కాదు. మెలకువ, కల, గాఢనిద్ర, వాటికి అవతల తురీయం అని మాండూక్యోపనిషత్తు ఎప్పుడో లెక్క కట్టింది. కానీ పడుకున్న మనిషి కల కంటున్నాడో లేదో పక్కనుంచి పసిగట్టే దారి 1953లోగానీ దొరకలేదు. నిద్రలో కనుగుడ్లు గబగబా కదిలే దశ ఒకటుందని ఆ ఏడు షికాగో యూనివర్సిటీ నుంచి అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. అసెరిన్‌స్కీ తన 8 ఏళ్ళ కొడుక్కి కూడా వైర్లు తగిలించి చూశాడట! ఆ దశలో లేపితే చాలామంది కల చెబుతారు.

కలని పట్టుకోవడం వచ్చాక, అది బయటి కబురు మోసుకొస్తుందా అనే ప్రశ్న వస్తుంది కదా. 1960ల్లో న్యూయార్కులో మైమోనిడీస్ ఆసుపత్రివాళ్ళు అదే పరీక్షించారు. వేరే గదిలో ఒకరు బొమ్మ చూస్తూ కూర్చుంటారు. నిద్రపోయేవాళ్ళని సరిగ్గా ఆ దశలో లేపి, కలలో ఏం కనబడిందని అడుగుతారు. మొదట్లో ఊరించే ఫలితాలొచ్చాయి. వేరేవాళ్ళు చేస్తే నిలకడగా రాలేదు.

ఈ కథలో మన తెలుగాయన ఒకరున్నారు, కె. రామకృష్ణారావు గారు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ అనే ఆయన అయిదు గుర్తులున్న 25 కార్డులతో అతీంద్రియశక్తి పరీక్షలు చేసేవాడు. ఊరికే ఊహించినా సగటున 5 సరిపోతాయి. అంతకంటే ఎక్కువ, అదీ మళ్ళీ మళ్ళీ, వస్తేనే విశేషం. రావుగారు రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1967లో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీతో పాటు పారాసైకాలజీకీ ఒక డిపార్టుమెంటు పెట్టారు. 1980ల్లో ఆ యూనివర్సిటీకే వైస్ ఛాన్సలరయ్యారు. 2011లో పద్మశ్రీ. 2021లో పోయారు.

మధ్యలో ఒక ముచ్చట, మనలాంటి వాళ్ళకి బాగా అర్థమయ్యేది. 1974లో రైన్ సంస్థలో డైరెక్టరుగా ఉన్న లెవీ అనే కుర్రాడి ఫలితాల మీద కింది ఉద్యోగులకి అనుమానమొచ్చింది. అతనికి తెలీకుండా రెండో రికార్డు ఒకటి నడిపారు. రెండు లాగులూ కలవలేదు, దొరికిపోయాడు. ఆ సంగతి దాచకుండా బయటపెట్టింది రైనే. ఆ మచ్చ పడ్డాకే రావుగారు వెళ్ళి ఆ సంస్థని నడిపారు. 1987లో జాన్ పామర్‌తో కలిసి, ఇందులో తీసిపారేయలేని తేడా ఏదో ఉందని పెద్ద వ్యాసం రాశారు. అదే సంచికలో ఆల్కాక్ అనే సైకాలజిస్టు ఆ రంగాన్ని దుమ్ము దులిపాడు. మిగతా సైన్సు ఈ రోజుకీ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. కానీ తగిలినవీ తప్పినవీ రెండూ లెక్క రాయాలన్న ఆ పట్టుదల నాకు నచ్చింది.

పొద్దున్నే అవ్వ పక్కన కూర్చున్నా. "అవ్వా, ఈరన్న కలలో చెప్పినవన్నీ జరిగినాయా?"

"జరిగినవే గుర్తుండేది. కానివి యాడ గుర్తుంటాయి నాయనా!"

నాకు నోట మాట రాలేదు. రైన్ 25 కార్డులు పెట్టుకుని చెప్పాలనుకున్న జాగ్రత్తంతా ఆ ఒక్క మాటలో ఉంది.

"ఈరన్న ఎట్ల కనపడినాడు?" అన్నాను. రాత్రి అడగాల్సిన ప్రశ్న అది.

"ముఖమే సరిగా కనపళ్ళేదు, అంతా మసక." కాసేపాగి, మా వీధిలో ఒక ముసలమ్మకి ఆపరేషనయ్యాక చూపు పోయిన సంగతి ఎత్తింది. గొంతు వణికింది. అప్పటికిగానీ నాకు తట్టలేదు: ఆ కల ఆపరేషన్ గురించి ఏమీ చెప్పలేదు, అవ్వ గురించే చెప్పింది. నేను కల నిజమా కాదా అని పోట్లాడాను గానీ, కల కన్న మనిషికి భయమేస్తోందని చూసుకోలేదు. చూపు బాగున్నది నాకే కదా, మసక కూడా నాకే.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఆ ముసలమ్మ సంగతి అవ్వ చేతే అడిగించాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. తర్వాతి వారం ఆపరేషనయింది. శ్రావణంలో ఉరుకుందకి పోయాం. కలలో వద్దన్న స్వామికే అవ్వ కొబ్బరికాయ కొట్టి, కళ్ళార్పకుండా చాలాసేపు చూసింది.

నేను మాత్రం ఏమీ అనలేదు.