మలేరియా కిట్టు మీద ఎర్ర గీత ఎక్కడి నుంచి వచ్చింది?

మాది ఏన్కూరు. ఖమ్మం జిల్లాలో తల్లాడ దాటి కొత్తగూడెం వైపు పోతుంటే దారిలో తగుల్తుంది. బీటెక్ చదివి, కొన్నేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇలా చరిత్ర వీడియోలు చేస్తున్నాను. ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక ప్లాస్టిక్ ముక్క చరిత్ర చెప్పుకుందాం.

ఏజెన్సీ ఊళ్లలో ఉన్నవాళ్లు దాన్ని చూసే ఉంటారు. వానాకాలం వస్తే పేపర్లో 'విషజ్వరాలు' అని హెడ్డింగు పడుతుంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, వేలికి సూది గుచ్చి, చిన్న చుక్క రక్తం తీసి, అరచేతిలో పట్టే తెల్ల కిట్టులో వేస్తుంది. పైన రెండు మూడు చుక్కల మందునీళ్లు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే ఎర్రటి గీతలు తేలతాయి. ఒక్క గీతే వస్తే మలేరియా లేదంటారు, ఇంకోటి కూడా వస్తే ఉందంటారు. ఇంతకు ముందు రక్తపూత తీసి, గాజు పలకని పీహెచ్‌సీకి పంపి, మైక్రోస్కోపు దగ్గర మనిషి చూసి చెప్పేదాకా ఎదురు చూడాల్సి వచ్చేది. అడవి లోపలి గూడేలకి ఆ కబురు చేరేసరికి రోజులు పట్టేది. ఫాల్సిపారం రకం మలేరియాలో ఆ రోజులే ప్రాణాలు తీస్తాయి, మెదడుకి ఎక్కితే టైమ్ ఇవ్వదు.

మరి ఆ గీత ఏం చూసి వస్తోంది? కిట్టుకి మలేరియా పురుగు కనపడదు. పురుగు రక్తంలోకి వదిలిన ఒక ప్రోటీన్‌ని అది పట్టుకుంటుంది. పట్టుకునేది మోనోక్లోనల్ యాంటీబాడీ. మన కథ ఈ పదం దగ్గరే మొదలవుతుంది.

యాంటీబాడీ అంటే తెలుసు కదా, ఒంట్లోకి బయటి వస్తువు వస్తే దాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్. ఒక ప్రోటీన్ ఎక్కడుందో కనుక్కోవడానికి దాన్నే వాడుకుందాం అని శాస్త్రవేత్తలకి చాలా ముందే తట్టింది. పాత పద్ధతి ఏంటంటే, మనకి కావల్సిన ప్రోటీన్‌ని కుందేలుకి ఎక్కించి, కొన్ని వారాలాగి దాని రక్తం తీసి, సీరం వాడుకోవడం. పని జరిగేది. కానీ ఆ సీరంలో ఒక్క యాంటీబాడీ కాదు, వందల రకాలుంటాయి. ఒకటి ప్రోటీన్ తలని పట్టుకుంటే ఇంకోటి తోకని పట్టుకుంటుంది. మూడోది అసలు వేరే ప్రోటీన్‌నే పట్టుకోవచ్చు. పైగా ఈ కుందేలు సీరం, పక్క కుందేలు సీరం ఒకేలా ఉండవు. కుందేలు చచ్చిపోతే ఆ సీరం మళ్లీ దొరకదు. ప్రొడక్షన్ సర్వర్ ఒక్కటే ఉండి, దానికి బ్యాకప్ లేకపోతే ఎట్లా ఉంటుందో అట్లా. దీన్ని పాలీక్లోనల్ అంటారు.

1975 ఆగస్టులో 'నేచర్' పత్రికలో రెండు మూడు పేజీల పేపర్ ఒకటి వచ్చింది. రాసింది ఇద్దరు. అర్జెంటీనా నుంచి వచ్చి కేంబ్రిడ్జ్‌లో స్థిరపడిన సీజర్ మిల్‌స్టీన్, ఆయన దగ్గర పని చేయడానికి వచ్చిన జర్మన్ కుర్రాడు జార్జ్ కోలర్. పనిచేసింది మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ల మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లో. వాళ్ల ముందున్న చిక్కు ఇది: యాంటీబాడీ తయారుచేసే బి-కణం ఒక్కొక్కటీ ఒకే ఒక్క రకం యాంటీబాడీ చేస్తుంది, కానీ బయటికి తీసి గిన్నెలో పెంచితే కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. ఇంకోవైపు మైలోమా అనే క్యాన్సర్ కణం ఉంది, అది చావదు, పెరుగుతూనే ఉంటుంది, కానీ మనకి కావల్సిన యాంటీబాడీ చెయ్యదు. ఈ రెండిటినీ కలిపేస్తే?

కలిపేశారు. ఎలుకకి గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించి, దాని ప్లీహంలోంచి బి-కణాలు తీసి, మైలోమా కణాలతో కలిపి ఒక వైరస్ సాయంతో అతికించారు. నాకు బాగా నచ్చింది దాని తర్వాతి మెట్టు. అతికినవి, అతకనివి అన్నీ ఒకే గిన్నెలో కలగలిసి ఉంటాయి. వేరు చెయ్యడం ఎట్లా? మైలోమా కణాల్లో ఒక ఎంజైము లేని రకాన్ని ముందే ఎంచుకున్నారు. గిన్నెలో వేసిన మందుకి ఆ ఎంజైము లేని కణం బతకదు. కాబట్టి అతకని మైలోమా చస్తుంది. అతకని బి-కణం తనంతట తనే చస్తుంది. మిగిలేది రెండూ కలిసినదే, దాంట్లో ఎంజైము బి-కణం నుంచి, చావకపోవడం మైలోమా నుంచి వచ్చాయి. ఆ కణాన్ని హైబ్రిడోమా అంటారు. దాన్ని ఒక్కొక్కటిగా విడదీసి పెంచితే, ఒక్కో గుంపూ ఒకే రకం యాంటీబాడీ చేస్తుంది, ఫ్రీజర్లో దాచుకుంటే ఏళ్ల తర్వాత తీసినా అదే చేస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఫిల్టర్ రాశారన్నమాట, డేటా తనే జల్లెడ పట్టుకుంది.

దీనికి బ్రిటన్ వాళ్లు పేటెంటు తీసుకోలేదు. ఆ పని చూడాల్సిన ప్రభుత్వ సంస్థకి దీంతో వెంటనే ఉపయోగమేంటో అర్థం కాలేదట. 1984లో కోలర్‌కి, మిల్‌స్టీన్‌కి, నీల్స్ యెర్నేతో కలిపి నోబెల్ వచ్చింది. పేటెంటు లేకపోవడం వల్ల ప్రపంచంలో ఎవరు కావాలంటే వాళ్లు హైబ్రిడోమాలు చేసుకున్నారు. మన ఆశా కార్యకర్త చేతిలోని కిట్టు అంత చౌకగా రావడానికి అది కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహ మాత్రమే.

ఇక మలేరియా వైపు వద్దాం. మన సికింద్రాబాద్ ముచ్చట తెలిసిందే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి, మైక్రోస్కోపు కింద మలేరియా పురుగుని చూశాడు. రక్తం ఇచ్చిన హుస్సేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా లెక్కన ఇచ్చారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు మలేరియా పట్టుకోవడమంటే మైక్రోస్కోపే.

1986లో అమెరికాలో రస్సెల్ హోవర్డ్ వాళ్ల బృందం ఒక విషయం రాసింది. ఫాల్సిపారం పురుగు ఉన్న ఎర్ర రక్తకణం ఒక ప్రోటీన్‌ని బయటికి వదులుతోందని. దాని పేరు హెచ్‌ఆర్‌పీ-2. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం దాంట్లో సుమారు మూడో వంతు ఉంటుంది. అదీ ఎట్లా అంటే అలానిన్-హిస్టిడిన్-హిస్టిడిన్ అని ఒకే ముక్క మళ్లీ మళ్లీ కాపీ పేస్టు చేసినట్టు. కిట్టు చేసేవాళ్లకి ఇది వరం. ఒక ప్రోటీన్ మీద యాంటీబాడీ అతుక్కునే చోటు మామూలుగా ఒకటే ఉంటే, దీని మీద అవే చోట్లు బోలెడు. ఒక యాంటీబాడీని కాగితం మీద గీతలా పూసి పెట్టొచ్చు. ఇంకోదానికి బంగారపు నలుసులు కట్టి రక్తంతో పాటు పారనివ్వొచ్చు. మధ్యలో హెచ్‌ఆర్‌పీ-2 ఉంటే రెండిటికీ వంతెన అవుతుంది, బంగారం గీత దగ్గర పోగుపడుతుంది. మీరు చూసే ఎర్ర రంగు అదే. అంత చిన్న నలుసుగా ఉంటే బంగారం పసుప్పచ్చగా కాకుండా ఎర్రగా కనిపిస్తుంది. 1993లో టాంజానియాలో పరీక్షించిన ప్యారాసైట్-ఎఫ్ ఈ రకం కిట్లలో మొదటివాటిలో ఒకటి.

ఇప్పుడు అసలు ప్రశ్న. యాంటీబాడీని ఎంచుకోవడం అంటే ఏంటి? అమ్మేవాడి కేటలాగులో ప్రోటీన్ పేరు చూసి ఆర్డర్ పెట్టడం కాదు. హెచ్‌ఆర్‌పీ-2 ఫాల్సిపారంలోనే ఉంటుంది, వైవాక్స్‌లో ఉండదు. అందుకని వైవాక్స్ కోసం ఇంకో ప్రోటీన్ చూసుకున్నారు. అది లాక్టేట్ డీహైడ్రోజనేజ్, పురుగు చక్కెర నుంచి శక్తి తీసుకోవడానికి వాడే ఎంజైము. ఇక్కడ చిక్కు ఏంటంటే ఇదే ఎంజైము మనిషి కణాల్లోనూ ఉంది. ఎర్ర రక్తకణాల్లో అయితే బాగానే ఉంది. కుందేలు సీరంతో వెతికితే మన ఎంజైమే దొరికి, ఆరోగ్యంగా ఉన్నవాడికి కూడా గీత వచ్చేది. పురుగు ఎంజైము మీద ఉండి మనిషి ఎంజైము మీద లేని చిన్న చోటుని మాత్రమే పట్టే క్లోన్ వెతకాలి. అంతకన్నా సన్నగా, వైవాక్స్‌ని పట్టి ఫాల్సిపారంని వదిలేసే క్లోన్ కూడా కావాలి. ఇది మోనోక్లోనల్‌తోనే అయ్యే పని. మన దేశంలో 2013 నుంచి రెండు రకాల్నీ విడిగా చూపించే కిట్లు జాతీయ కార్యక్రమంలోకి వచ్చాయి.

ఇంకో తేడా ఉంది, ఇది తెలిసిన వాళ్లు తక్కువ. మందులు వేసుకుని జ్వరం తగ్గినా హెచ్‌ఆర్‌పీ-2 రక్తంలో వారాల తరబడి తిరుగుతుంది. పోయిన నెల మలేరియా వచ్చి తగ్గినవాడికి మళ్లీ జ్వరమొస్తే గీత రావచ్చు, అది పాత జ్వరం నీడ కావచ్చు. లాక్టేట్ డీహైడ్రోజనేజ్ అలా కాదు, పురుగు చస్తే కొన్ని రోజుల్లో మాయం. ఏ ప్రోటీన్ని ఎంచుకున్నామో దాన్నిబట్టి మన ప్రశ్నే మారిపోతుందన్నమాట.

అలాగే పైన ఉండే కంట్రోల్ గీత గురించి ఒక మాట. అది వస్తే కిట్టు బాగుందని అనుకుంటాం. నిజానికి అది బంగారం కట్టిన యాంటీబాడీని పట్టుకునే గీత. మందునీళ్లు పారాయి, ఆ యాంటీబాడీ పాడవలేదు అని చెప్తుంది, అంతవరకే. రక్తం వెయ్యడం మర్చిపోయినా ఆ గీత వస్తుంది.

పరిశోధన ల్యాబుల్లో ఈ ఎంపిక ఇంకా ఘోరంగా తప్పింది. టొరంటోలో మౌంట్ సైనాయ్ ఆసుపత్రి ల్యాబు వాళ్లు ప్యాంక్రియాస్ క్యాన్సర్ కోసం సీయూజెడ్‌డీ-1 అనే ప్రోటీన్‌ని కొలిచే కిట్టు కొన్నారు. రెండేళ్లు, 5 లక్షల డాలర్లు, వేల మంది రోగుల నమూనాలు ఖర్చయ్యాక తేలింది, ఆ కిట్టు పట్టుకుంటున్నది సీఏ-125 అనే వేరే ప్రోటీన్‌ని. 2017లో ఈస్ట్రోజన్ రిసెప్టర్ బీటా మీద వాడే 13 యాంటీబాడీల్ని స్వీడన్ వాళ్లు పరీక్షిస్తే నమ్మదగ్గదని తేలింది ఒక్కటే. మిగతావాటితో ఏళ్ల తరబడి పేపర్లు రాశారు! మోనోక్లోనల్ అయితే చాలు, సరైనదే అనుకోవడం పొరపాటు. అది ప్రతిసారీ ఒకేలా పనిచేస్తుంది, అంతే. తప్పు క్లోన్ అయితే ప్రతిసారీ ఒకేలా తప్పు చెప్తుంది.

ఇంకోటి, ఒక పనికి పనికొచ్చింది ఇంకో పనికి రాకపోవచ్చు. వెస్టర్న్ బ్లాట్‌లో ప్రోటీన్‌ని డిటర్జెంటులో ఉడికించి దారంలా సాగదీస్తాం. మడత పడ్డ ఆకారాన్ని పట్టే యాంటీబాడీ అక్కడ గుడ్డిదవుతుంది. కిట్టులో ప్రోటీన్ ఉడకదు, సహజంగానే ఉంటుంది కాబట్టి అక్కడ అదే పనికొస్తుంది. కొనేముందు అడగాల్సింది 'ఇది ఏ ప్రోటీన్‌కి' అని ఒక్కటే కాదు, 'ఏ పద్ధతిలో, దేని మీద పరీక్షించారు' అని కూడా.

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఏంటంటే, ఆ ప్రోటీన్ అసలు లేని నమూనా మీద వేసి చూడటం. అక్కడా గీత వస్తే యాంటీబాడీ అబద్ధమాడుతున్నట్టే. మామూలుగా దీనికి జీన్ కత్తిరించిన కణాలు చేసుకోవాలి. మలేరియాలో అలాంటిది రెడీమేడ్‌గా ఉంది. ల్యాబుల్లో పెంచే డీడీ-2 అనే ఫాల్సిపారం రకంలో హెచ్‌ఆర్‌పీ-2 జీను లేదు. తమాషా ఏంటంటే, దాని మీద కూడా పురుగులు ఎక్కువుంటే కొన్ని కిట్లలో గీత వస్తుంది. ఎందుకంటే దాని చుట్టం హెచ్‌ఆర్‌పీ-3లో కూడా అలాంటి ముక్కలే ఉన్నాయి. ల్యాబు లెక్కలో ఇది లోపం. జ్వరంతో పడుకున్నవాడి లెక్కలో అదృష్టం.

డీడీ-2 ల్యాబులో వింత అనుకున్నారు చాలాకాలం. 2010లో పెరూ అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చిన పేపర్ ఆ ధీమా పోగొట్టింది. 148 నమూనాలు చూస్తే 61 వాటిలో హెచ్‌ఆర్‌పీ-2 జీను లేదు. అంటే అక్కడ కిట్టు మీద గీత రాని ఫాల్సిపారం బయట తిరుగుతోంది. ఎరిట్రియాలో పరిస్థితి ఎంతవరకు వచ్చిందంటే 2016లో హెచ్‌ఆర్‌పీ-2 కిట్లే మానేశారు. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. గీత వచ్చినవాడికి మందు పడుతుంది, ఆ పురుగు చస్తుంది. గీత రానివాడిని ఇంటికి పంపేస్తారు, ఆ పురుగు దోమెక్కి పక్కింటికి పోతుంది. మనం ఎంచుకున్న యాంటీబాడీనే ఏ పురుగు బతకాలో ఎంచుతోంది.

మన చర్ల, దుమ్ముగూడెం దాటితే ఛత్తీస్‌గఢ్. ఆ రాష్ట్రం నుంచి తీసిన నమూనాల్లో కూడా ఈ జీను లేని ఫాల్సిపారం దొరికిందని 2013లో మన శాస్త్రవేత్తలే రాశారు. పురుగుకి రాష్ట్ర సరిహద్దు తెలీదు. పోడు పనులకి, మిరప కోతలకి మనుషులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అలాంటి పురుగు మన రెండు గీతల కిట్టులోకి వస్తే ఏమవుతుంది? వైవాక్స్ గీత రాదు, అది వైవాక్స్ కాదు కాబట్టి. ఫాల్సిపారం గీత కూడా రాకపోవచ్చు. కంట్రోల్ గీత మాత్రం నిక్షేపంగా వస్తుంది. చలి, వణుకు, ఒళ్లు కాలిపోయే జ్వరం, చేతిలో నెగెటివ్ కిట్టు.

కాబట్టి జ్వరం తగ్గకపోతే రక్తపూత కూడా తీయించుకోండి. కిట్టు ఉందని దాన్ని వదిలెయ్యొద్దు. మైక్రోస్కోపుకి ఏ యాంటీబాడీతోనూ పని లేదు, పురుగు ఉంటే పురుగే కనిపిస్తుంది, రాస్ కాలంలో కనిపించినట్టే.

ఒక ప్రాంతంలో ఈ జీను పోవడం వల్ల కిట్టు తప్పే కేసులు 5 శాతం దాటితే అక్కడ కిట్టు మార్చమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మార్చాలంటే ముందు లెక్క తేలాలి. అది తేల్చడానికి కిట్టు చాలదు. రక్తపు చుక్కని ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టి, జాగ్రత్తగా ల్యాబుకి పంపి, పీసీఆర్‌తో జీను ఉందో లేదో చూడాలి.