పక్క మడి నుంచి వచ్చిన రూబార్బ్

ఇంగ్లండులో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క ఆకులన్నీ వాడిపోయి నిద్రావస్థలో ఉండే రోజుల్లో, అలాట్‌మెంట్లలో దుంపల పంపకం సాగుతుంది. అలాట్‌మెంట్ అంటే స్థానిక సంస్థ ఏడాదికింత అని అద్దె తీసుకుని, ఇంటి తిండికి పండించుకోమని ఇచ్చే కూరగాయల మడి. ఆనవాయితీ ప్రకారం ఒక్కోటి 300 చదరపు గజాల పైచిలుకు ఉంటుంది. ఇలాంటి మడులు సమకూర్చే బాధ్యతను 1908 నాటి చట్టం స్థానిక సంస్థల మీద పెట్టింది. ఆ మడుల్లో ఓ మూల గుబురుగా పెరిగే రూబార్బ్‌ను చాలామంది కొని నాటలేదు. పక్క మడివాళ్ళు తమ పాత దుంపను చీలుస్తూ చేతిలో పెట్టిన ముక్కే ఇవాళ్టి వాళ్ళ పొద.

ఇంత ధారాళంగా చేతులు మారే ఈ మొక్క కుటుంబ చరిత్ర కట్టుదిట్టమైన కాపలాల మధ్య నడిచింది. మన మూలికల కొట్లలో రేవల్చిన్ని పేరుతో దొరికే ఎండు వేరు రూబార్బ్ జాతిదే. చైనా వైద్యంలో అది అనాదిగా పేరున్న విరేచన మందు. చైనాలోని టాంగుట్ కొండల్లో ఈ వేరు విస్తారంగా దొరుకుతుందనీ, వర్తకులు అక్కడ కొని లోకమంతటికీ తీసుకెళ్తారనీ 13వ శతాబ్దంలోనే మార్కో పోలో చెప్పాడు. 18వ శతాబ్దంలో రష్యా ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంది. చైనా సరిహద్దులోని క్యాఖ్తాలో ఔషధాలు తెలిసినవాళ్ళు ముక్కలను తొలిచి పరీక్షించేవారు. పుచ్చు కనిపిస్తే తగలబెట్టించేవారు. ఈ వేరుకు ఎంత గిరాకీ ఉండేదంటే, 1839లో నల్లమందు వ్యాపారాన్ని ఆపమంటూ విక్టోరియా రాణికి లేఖ రాసిన చైనా అధికారి లిన్ జెషూ, తేయాకు, రూబార్బ్ లేనిదే విదేశీయులకు రోజు గడవదని గట్టిగా నమ్మాడు.

సొంతంగా పండించుకోవాలని ఐరోపావాళ్ళు చాలా తంటాలు పడ్డారు. రష్యా ఆస్థానంలో వైద్యుడిగా పనిచేసిన జేమ్స్ మౌన్సీ 1760లలో స్కాట్లండుకు విత్తనాలు తెచ్చాడు. ఎడిన్‌బరో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ హోప్ వాటిని పెంచాడు. 1774లో సర్ అలెగ్జాండర్ డిక్‌కు రూబార్బ్ సాగుకు బంగారు పతకమే వచ్చింది. అయినా మందుగా చైనా సరుకుకు సాటి రాలేదు.

వేరును వదిలి కాడను తినడం మొదలయ్యాకే అసలు కథ మలుపు తిరిగింది. తినే రూబార్బ్ మందు రూబార్బ్‌కు దాయాది లాంటి వేరే రకం. కాడ మహా పులుపు, అందుకే పంచదార చౌకయ్యాకే జనం నోటికి ఎక్కింది. 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో లండన్ దగ్గరి డెట్‌ఫర్డ్ రైతు జోసెఫ్ మయాట్ కాడలను కట్టలు కట్టి సంతకు పంపితే మొదట్లో అవి సరిగ్గా అమ్ముడుపోలేదు. అతను పట్టు వదల్లేదు. విక్టోరియా గద్దెనెక్కిన 1837లో ఆమె పేరుతోనే మయాట్ విడుదల చేసిన రకాన్ని ఇవాళ్టికీ పెంచుతున్నారు. తర్వాత యార్క్‌షైర్‌లో వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ చుట్టుపక్కల చీకటి కొట్టాల్లో పెంచి, కొవ్వొత్తి వెలుతురులో కోసే లేత గులాబీ కాడలు పేరుపొందాయి. ఆ పంటకు 2010లో ఐరోపా సమాఖ్య ప్రాంతీయ గుర్తింపు దక్కింది.

వ్యాపారం కొట్టాల్లో పెరిగినా, మొక్కను ఊరూరా చేర్చడంలో మాత్రం పార పట్టినవాళ్ళకే ఎక్కువ ఘనత దక్కాలి. విత్తనం వేస్తే రూబార్బ్ తల్లి గుణంతో రాదు. మంచి రకం నిలవాలంటే, మన అరటికి పిలకే ఆధారమైనట్టు, దుంప ముక్కే దిక్కు. పైగా ఐదారేళ్ళకోసారి చీల్చకపోతే పొద కిక్కిరిసి కాడలు సన్నబడతాయి, నడిమధ్య కుళ్ళుతుంది. అంటే పంచడం ఇచ్చేవాడి మొక్కకూ మేలే.

దుంప చుట్టూ వెడల్పుగా తవ్వి పైకెత్తితే మట్టి రంగు బెరడుతో, వంకరటింకరగా, బరువుగా వస్తుంది. నెత్తిన గులాబీ రంగు బొడిపెల్లాంటి మొగ్గలు ఉంటాయి. పదునైన పారతో నిలువునా కోస్తే లోపల పసుపుపచ్చ కండ కనిపిస్తుంది. ఒక్కో ముక్కకు కనీసం ఒక గట్టి మొగ్గా, దానికింద కాస్త వేరూ ఉండాలి. మధ్యలో ముదిరి మెత్తబడిన భాగాన్ని పారేస్తారు. బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన గుంటలో, మొగ్గ నేలమట్టానికి వచ్చేలా, మూడడుగుల ఎడంలో నాటుతారు. మొగ్గ మీద ఎరువు కుప్పపోస్తే కుళ్ళిపోతుంది. మొదటి ఏడాది ఒక్క కాడ కూడా తీయకూడదు, రెండో ఏడాది నాలుగైదు చాలు. తర్వాత కూడా కత్తితో కోయరు. కాడను మొదలు దగ్గర పట్టుకుని మెలితిప్పి లాగుతారు.

ఈ పంపకంలో నష్టం లేకపోలేదు. ముక్కతోపాటు వైరస్ తెగుళ్ళూ వెళ్తాయి. చేతులు మారేకొద్దీ రకాల పేర్లు మరుగున పడతాయి. అందుకే నాటింగ్‌హమ్‌షైర్‌లోని క్లంబర్ పార్క్‌లో నూరుకు పైగా రకాలను పేర్లతో సహా కాపాడుతున్నారు. అలాంటి తోటలు ఎంత అవసరమో, బలహీనమైన పొద నుంచి ముక్క ఇవ్వని నిజాయితీ కూడా అంతే అవసరం.

మన ఎండలకు రూబార్బ్ తట్టుకోదు, దానికి చలి కావాలి. ఇంగ్లండు, అమెరికాల్లో ఉన్న తెలుగువాళ్ళు కొందరు దాని కాడలను పప్పులోనూ పచ్చడిలోనూ వేస్తున్నారు. పులుపుకు అది చక్కగా సరిపోతుంది. అయితే గోంగూర అలవాటున్న మనం ఒకటి గుర్తుంచుకోవాలి: రూబార్బ్ ఆకు విషం. అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఆకులను కూరగా తినవచ్చని చెప్పిన సలహా ప్రాణాల మీదికి తెచ్చింది. కాబట్టి ఆకును తుంచి ఎరువు గుంటలో వేయండి. కిడ్నీలో రాళ్ళున్నవారు కాడ తినే ముందు కూడా డాక్టరును అడగండి. మడి ఉంటే, ఈ చలికాలంలో పక్కవారిని ఒక ముక్క అడిగి పుచ్చుకోండి. మీ పొద ఐదేళ్ళదయ్యాక అడగకముందే ఒకరికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు రకం పేరు కాగితం మీద రాసి ఇవ్వడం మరవకండి.