ఆటగాండ్ర నేరుకొను విద్య



అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ అను బంతియాట కలదు. జీతమిచ్చి యాడించు పెద్ద జట్లు పాఠశాలలలోను, కళాశాలలలోను ఆడు బాలురనుండి తమవారి నేరుకొనును. 1965కు పూర్వము ధనముగల జట్టు అధికముగ సొమ్మిచ్చి మేటివారిని గొనిపోవుచుండెను. ఆ యేటి జూన్ నెలలో వరుసపద్ధతి యేర్పడెను. అప్పటి నియమము ప్రకారము వెనుకబడిన జట్లే ముందు కోరుకొనవలసియుండెను.

కోరుటకు ముందు చూడవలెను గదా! అందులకై స్కౌటులను పరీక్షకులు ఊరూర తిరుగుదురు. బంతిని తప్పక కొట్టుట, దూరముగ కొట్టుట, పరుగు, పట్టు, విసరు అను నైదింటికిని 20 మొదలు 80 వరకు అంకెలు వేయుదురు.

1966లో న్యూయార్క్ మెట్స్ జట్టు అందరికంటె ముందు స్టీవ్ చిల్‌కాట్‌ను కోరెను. భుజమునకు దెబ్బ తగిలి యతడు పెద్ద పోటీలకు చేరనే లేదు. రెండవవాడైన రెగ్గీ జాక్సన్ 1993లో కీర్తిమందిరము నధిష్ఠించెను. 1988లో 1,390వ వాడుగ మిగిలిన మైక్ పియాజాయు 2016లో అచ్చటికే చేరెను.

ఈ చరిత్ర చదివినప్పుడు నాకు తోచిన దిది: వేగమును కొలువవచ్చును, పట్టుదలను, రాబోవు గాయమును కొలుచు సాధనము లేదు. పదునెనిమిదేండ్ల బాలునిగూర్చి పెద్దలమగు మనము చెప్పు మాట తుదితీర్పు కారాదు.