హారంలో రూట్ ఎందుకు ఉండకూడదు? కరణి కథ

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ళ కోసం ఆ మాటలే ఇక్కడ రాస్తున్నా.

'హారాన్ని అకరణీయం చేయండి' అనే లెక్క హైస్కూల్లో చేసే ఉంటారు. కింద √2 ఉంటే, పైనా కిందా √2తో గుణించాలి. ఎలాగో చెప్పారు గానీ, ఎందుకో మనలో చాలామందికి చెప్పలేదు.

కారణం చేతి లెక్క. చదరపు గదికి డయాగ్నల్ 5 మీటర్లు అనుకోండి. భుజం 5/√2. కాగితం మీద 5ని 1.41421తో భాగించి చూడండి, తల వాచిపోతుంది. అదే 5√2/2 అని మార్చుకుంటే, 5తో గుణించి సగం చేయడమే: 3.5355.

ఈ √2 చాలా పాతది. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో, బాబిలోనియా వాళ్ళు సుమారు 3,700 ఏళ్ళ కింద మట్టిపలక మీద చదరం, డయాగ్నల్ గీసి దీని విలువ రాశారు. దశాంశాల్లోకి మారిస్తే ఐదు స్థానాల దాకా కరెక్టు. ఆ పలక ఇప్పుడు అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఉంది.

మన దేశంలో యజ్ఞవేదికలు తాడుతో కొలిచి కట్టేవాళ్ళు. ఆ కొలతల పుస్తకాలే శుల్బసూత్రాలు. శుల్బం అంటే తాడు. బౌధాయనుడి లెక్క ఇది: ఒకటికి మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, ఈ చివరిదాంట్లో 34వ వంతు తీసెయ్. 1.41421 వస్తుంది. చదరాన్ని ఇచ్చే భుజాన్ని వాళ్ళు కరణి అన్నారు. రెట్టింపు చదరాన్ని ఇచ్చేది ద్వికరణి, అంటే మన √2. తెలుగు పాఠ్యపుస్తకంలోని 'కరణి' ఆ తాడు పనివాళ్ళ మాటే.

తర్వాత 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు 'బీజగణితం'లో కరణుల భాగహారానికి సూత్రం చెప్పాడు: హారంలో ఒక కరణి గుర్తు తిప్పి, దాంతో పైనా కిందా గుణించు, కింద ఒకటే మిగిలేదాకా అలా చెయ్. 1/(√3−√2)ని √3+√2తో గుణిస్తే కింద 3−2, అంటే 1. జవాబు √3+√2, సుమారు 3.146.

ఇందులో ఇంకో లాభం ఉంది. రూట్లను 1.7, 1.4 అని ఉజ్జాయింపుగా తీసుకుని 1ని 0.3తో భాగిస్తే 3.33 వస్తుంది, బాగా తప్పు. మార్చాక 1.7+1.4 కూడితే 3.1, దాదాపు సరిపోయింది. దగ్గర దగ్గర అంకెలు తీసేస్తే చిన్న తేడా పెద్దదవుతుంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉన్నా ఈ సంగతి మారదు.

ఇంటి నుంచి వీడియో కాల్‌లో పిల్లలు 'ఇదెందుకు నాన్నా?' అని అడిగితే, 'రూల్ అంతే' అనకండి. తాడు పట్టి కొలిచిన పనివాళ్ళ దగ్గర మొదలుపెట్టి చెప్పండి.