రాగిరేకులు - గుర్తుభాషలు

గ్రంథమును నిలుపునవి అక్షరములు మాత్రమే కావు. ఇది శీర్షిక, ఇది పల్లవి, ఇది చరణము అని తెలుపు గుర్తులు లేనిచో చదువరి చీకటిలో తడవుకొనవలసినదే. ఈ విషయమునకు మా చిత్తూరు సీమయందే యొక గొప్ప నిదర్శనము కలదు.

అన్నమాచార్యులు (1408–1503), వారి కుమారులు, మనుమలు రచించిన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున తాళ్లపాక యరలో భద్రపఱచిరి. అవి 20వ శతాబ్దమున గాని అచ్చు కెక్కలేదు. చెక్కించినవారు అధ్యాత్మము, శృంగారము అని విభాగములు చేసిరి. పాటపాటకును రాగము పేరు వ్రాయించిరి. ఆ రేకులపై స్వరములు మాత్రము లేవు. ఫలమేమి? సాహిత్యము నిలిచెను, రాగనామము నిలిచెను, ఆనాటి వరుస పోయెను. కనుకనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు క్రొత్తగా స్వరపఱుపవలసి వచ్చెను. గుర్తించినది నిలుచును, గుర్తింపనిది పోవును.

కంప్యూటరు గ్రంథములకును ఇదే ధర్మము. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ యను మువ్వురు గ్రంథభాగములకు పేర్లిడు పద్ధతి నారంభించిరి. అది పెరిగి 1986లో ఎస్.జి.ఎం.ఎల్. అను అంతర్జాతీయ ప్రమాణ మయ్యెను. ఆ మార్గముననే టిమ్ బెర్నర్స్-లీ 1991లో హెచ్.టి.ఎం.ఎల్.ను లోకమునకు వెల్లడించెను. దీనిని ప్రతి బ్రౌజరును చదువగలదు. కాని దీనికి శీర్షిక తెలియును, పేరా తెలియును, రాగము తెలియదు. రాగనామమును లావక్షరములతో చూపుట సులభమే. అది రాగమని యంత్రమునకు తెలుపుటకు వేఱుగ శ్రమపడవలెను.

1998లో ప్రమాణమైన ఎక్స్.ఎం.ఎల్.లో పేర్లు మనమే పెట్టుకొనవచ్చును. రాగము, పల్లవి, చరణము, రేకుసంఖ్య అని వేర్వేఱుగ గుర్తించినచో ముఖారి రాగపు పాటలన్నియు క్షణములో ఏరవచ్చును. అయితే ఆ పేర్లపై పండితు లేకాభిప్రాయమునకు రావలెను. తెఱచిన గుర్తును మూయ మఱచితిమా, యంత్రము ఫైలునే త్రోసిపుచ్చును.

2004లో జాన్ గ్రూబర్ వెలువరించిన మార్క్‌డౌన్ మిక్కిలి తేలిక. మా బడిపిల్లలు ఒక్కపూటలో నేర్చిరి. కాని పాట వ్రాసి చూడగా పంక్తులన్నియు కలిసి యొక్క పేరా యయ్యెను! పంక్తి చివర రెండు ఖాళీలు విడువవలెనని పిదప తెలిసినది. తెలుగు వికీసోర్సులో పద్యపంక్తులను కాపాడుటకు ప్రత్యేకమగు గుర్తే కలదు.

కావున మా యభిప్రాయ మిది: ఇంట వ్రాసికొనుటకు మార్క్‌డౌన్, నలుగురికి చూపుటకు హెచ్.టి.ఎం.ఎల్., తరతరములకు దాచుటకు ఎక్స్.ఎం.ఎల్. తగును. మూడును సాదా యక్షరములలో నుండును గనుక ఒక్క సంస్థ చేతి తాళమునకు లోబడవు. మునుపు మేము పాఠశాల పత్రిక నొక ప్రత్యేకమగు ఫాంటులో కూర్పించితిమి. ఆ ఫాంటు లేని యంత్రమున నేడు తెఱచినచో ఒక్క మాటయు తెలియదు. రాగిరేకులు అరలో మూతపడి యుండుటకును దీనికిని భేదమేమి?

చదువరులారా! మీ యింట అమ్మమ్మ పాడు మంగళహారతిని యూనికోడు అక్షరములలో వ్రాసి యుంచుడు. దాని వరుస యేదో, ఎవరియొద్ద నేర్చినదో, ఏ శుభకార్యమున పాడుదురో కూడ గుర్తు పెట్టుడు. మాటలొక్కటే వ్రాసినచో మనుమలకు మాటలొక్కటే మిగులును.