కాగితపు పూల తయారీ

రంగు కాగితాన్ని రేకులుగా కత్తిరించి, సన్నని తీగకు కట్టి చేసే కృత్రిమ పుష్పాలను కాగితపు పూలు అంటారు. బోగన్‌విలియా మొక్కకు కూడా ఇదే పేరు ఉన్నది. ఈ వ్యాసం చేతితో చేసే పూల గురించినది.

నమూనాలు

నల్లమల అంచున, పల్నాడు జిల్లాలో (2022 ఏప్రిల్ 4కు పూర్వం గుంటూరు జిల్లా) ఉన్న బొల్లాపల్లి వంటి మెట్ట ప్రాంతాలలో మోదుగ, రేల, తంగేడు మంచి నమూనాలు. మూడింటికీ రేకులు ఐదే అయినా అమరిక వేరు. అడవి పువ్వు కోయగానే వాడుతుంది. కనుక చెట్టు వద్దనే చూసి బొమ్మ గీసుకొనవలెను. అమరిక తప్పితే, రంగు సరిపోయినా పువ్వును గుర్తించలేము.

మోదుగ పువ్వు

నారింజ రంగు ముడతల కాగితంపై ముడతలు రేకు పొడవున వచ్చేటట్లు ఐదు రేకులు కత్తిరించాలి. అడ్డంగా మెల్లగా సాగదీస్తే రేకు దొప్పవలె వంగుతుంది. రెండు రేకులను అంచున అతికి చిలుక ముక్కులా వంచి, ఇరువైపులా రెండు, వెనుక పెద్దది ఒకటి దారంతో కట్టాలి. అడుగున ముదురు గోధుమ రంగు రక్షకపత్రం చుట్టాలి. మోదుగ ఆకు రాల్చిన కొమ్మలపై పూస్తుంది. కాబట్టి ఆకులు జోడించనవసరం లేదు. తడి తగిలితే కాగితం రంగు కారుతుంది.

చరిత్ర

ఇంగ్లాండుకు చెందిన మేరీ డెలానీ (1700–1788) డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత, మొక్కలను ఎదుట ఉంచుకొని, కాగితపు ముక్కలు అతికి 985 పుష్ప చిత్రాలు చేసినది. ఇవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి.